నర్సమ్మ మోపెడ్ కేసు

1986. నరసరావుపేట కోర్టులో నేను నల్లకోటు వేసుకుని అప్పటికి మూడో ఏడు. బార్‌లో ఆడవాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. రెండో ఆవిడ పెళ్ళయి గుంటూరు వెళ్ళిపోయాక నేనొక్కదాన్నే మిగిలాను. భూమి తగాదాలు, సివిల్ దావాలు మా సీనియర్ గారే చూసుకునేవారు. నా వంతుకు వచ్చేవి పెట్టీ కేసులు. అంటే లైటు లేని సైకిళ్ళు, మనుషుల్ని ఎక్కించుకున్న ట్రాక్టర్లు, జోరుగా తోలిన లారీలు. జరిమానాతో పోయే చిన్న కేసులన్నమాట.

అవి నడిచే తీరు బయటివాళ్ళకు వింతగా ఉంటుంది. పదిన్నరకల్లా డ్రైవర్లు వరండాలో వరసగా నిలబడేవారు. పేరు పిలవగానే లోపలికి వెళ్ళి, చేతులు కట్టుకుని, "తప్పయిందండి" అనేవారు. మేజిస్ట్రేటు గారు జరిమానా చెప్పేవారు. అది కట్టేసి, రసీదు జేబులో పెట్టుకుని ఎవరి బండి దగ్గరకు వాళ్ళు వెళ్ళిపోయేవారు. గంట తిరక్కుండా వరండా ఖాళీ. తప్పు నిజంగా చేశారా లేదా అని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. వాదిస్తే వాయిదాలు, వాయిదాకో రోజు పని పోవడం. అంతకంటే ఆ ఒక్క మాట అనడమే నయమనుకునేవారు. రెండేళ్ళపాటు నేనూ ఎంతోమంది చేత ఆ మాట అనిపించాను. అదే నా పని అనుకున్నాను.

ఆ వేసవిలో మా ఆఫీసుకు సామ్రాజ్యం వచ్చింది. ఈపూరు వైపు ఒక పల్లెలో ఏ.ఎన్.ఎం., అంటే ఊరూరా తిరిగి పిల్లలకు టీకాలు వేసి, గర్భిణులను చూసే నర్సు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. తెల్ల చీర, భుజాన సంచి, మోచేతి దాకా ఎండకు కమిలిన చేతులు. ఆమె కింద ఏడు పల్లెలున్నాయి. పన్నెండేళ్ళు కాలినడకన తిరిగి, ఆ ఏడే ఒక మోపెడ్ కొనుక్కుంది. లైసెన్సు కూడా తీసుకుంది. ఇప్పుడు ఆ మోపెడ్ మీదే కేసు. కోర్టు సమన్లు నా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే జరిగింది చెప్పింది.

టీకాల రోజున ఐస్ డబ్బా వెనక కట్టుకుని సాగర్ కాలువ కట్ట ఎక్కుతోంది. ఎదురుగా కట్ట దిగుతూ కోటయ్య వస్తున్నాడు. ఆ ఊరి ప్రెసిడెంటుకు బావమరిది. సైకిలు వెనక పచ్చిగడ్డి మోపు ఉంది. సైకిలు అదుపు తప్పి నేరుగా వచ్చి మోపెడ్ ముందు చక్రానికి తగిలింది. ఇద్దరూ పడ్డారు. కోటయ్య మోచెయ్యి కొట్టుకుపోయింది, మణికట్టు వాచింది. సామ్రాజ్యమే అతన్ని గట్టు మీద కూర్చోబెట్టి, గాయం కడిగి, కట్టు కట్టింది. డబ్బాలో ఐస్ కరిగితే మందు పాడవుతుంది, పల్లెలో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని కాచుకుని ఉన్నారు. అందుకని వెంటనే బయల్దేరి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికల్లా కోటయ్య ఆ కట్టుతోనే పోలీసు స్టేషనుకు వెళ్ళి, నర్సు తనని గుద్ది పడేసిందని ఫిర్యాదు ఇచ్చాడు. ఆమె టీకాలు ముగించుకుని వచ్చేసరికి కేసు రాయడం అయిపోయింది.

సెక్షన్లు 279, 337. మొదటిది జనానికి ప్రమాదం కలిగేలా బండి నడపడం, రెండోది అలా నడిపి ఒకరికి దెబ్బ తగిలించడం. నేను అందరికీ చెప్పే మాటే ఆమెకూ చెప్పాను. ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది, ఒక్క పూటలో పని అయిపోతుంది అన్నాను.

"ఆ ఒక్క మాటే నా నోట్లోంచి రాదండీ మేడం" అంది సామ్రాజ్యం. "నేను గుద్దలేదు. ఆయనే వచ్చి నా మీద పడ్డాడు. గుద్దానని నా నోటితో నేనెట్టా చెప్పేది?"

అప్పుడు కూర్చోమన్నాను. కూర్చున్నాక మిగతాది చెప్పింది. ప్రభుత్వ ఉద్యోగికి క్రిమినల్ కోర్టులో శిక్ష పడితే, అది జరిమానాయే అయినా, పై ఆఫీసుకు రాయాలి. సస్పెన్షన్ కావచ్చు, సర్వీసులో మచ్చ మాత్రం తప్పదు. ఊళ్ళో మాట ఇంకొకటి. ఆడమనిషి బండెక్కితే ఇట్టాగే ఉంటదని ప్రెసిడెంటు రచ్చబండ దగ్గర నలుగురిలో అన్నాడట. వాళ్ళ ఆసుపత్రిలోనే ఇంకో ఇద్దరు నర్సులు మోపెడ్లు కొందామని చూస్తున్నారు. ఈ కేసు ఏమవుతుందో తేలాక చూద్దామని ఆగారు.

సీనియర్ గారికి చెబితే కాగితాలు తిరగేసి, "వాదించాలనుంటే వాదించు. పూర్తిగా నీ కేసే" అన్నారు. అప్పటిదాకా ఆయన ఏ కేసునూ అలా నాకు వదిలిపెట్టలేదు.

ఛార్జిషీటు, అంటే పోలీసులు కోర్టుకిచ్చే నేరారోపణ పత్రం, రెండు రోజులు చదివాను. ముద్దాయి తన వాహనాన్ని టాప్ గేరులో, అతివేగంగా, అజాగ్రత్తగా, హారన్ కొట్టకుండా నడిపి ఫిర్యాదుదారును గుద్దినది అని ఉంది. ఇలాంటి వాక్యాలు అప్పటికి వందసార్లు చదివి ఉంటాను. ఇందులోనూ నాకు ఏ లోపమూ కనిపించలేదు. కనిపించకపోవడానికి కారణం నా అజ్ఞానమే. నాకు సైకిలు తొక్కడం కూడా రాదు. బండి గురించి తెలియకుండా బండి కేసు వాదించడానికి సిద్ధపడ్డాను.

ఆ మాటే సామ్రాజ్యంతో అన్నాను. ఆమె నవ్వి, ఆదివారం బండి తీసుకొస్తానంది. తీసుకొచ్చింది. సెలవు రోజు కాబట్టి హైస్కూలు గ్రౌండు ఖాళీగా ఉంది. చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కి కూర్చున్నాను. ఆమె పక్కనే పరిగెత్తుతూ హ్యాండిల్ పట్టుకుంది. మొదటిసారి పది గజాలు వెళ్ళి పడ్డాను. రెండోసారి గోల్‌పోస్టు దాకా వెళ్ళి పడ్డాను. మోచెయ్యి గీసుకుపోతే సంచిలోంచి అయోడిన్ తీసి రాసి, మళ్ళీ ఎక్కమంది. నాలుగోసారో అయిదోసారో బండి నా మాట వినడం మొదలుపెట్టింది. గ్రౌండు చుట్టూ ఒక రౌండు వేసి వచ్చి, గొప్పగా అడిగాను, "ఇప్పుడు గేరు ఎట్టా మార్చాలి?"

"దీనికి గేర్లు ఎక్కడియ్యండీ?" అంది సామ్రాజ్యం. "చెయ్యి తిప్పితే పోద్ది, బ్రేకు నొక్కితే ఆగుద్ది. అంతే."

నేను బండి మీదే కూర్చుండిపోయాను. టాప్ గేరులో అన్న మాట కళ్ళముందు కదిలింది. దిగి వెళ్ళి నా సంచిలోంచి ఛార్జిషీటు నకలు తీసి ఆమెకు చదివి వినిపించాను. ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేక గోల్‌పోస్టు పట్టుకుని నిలబడింది.

అదే రోజు బస్సులో నేను, బండి మీద ఆమె కాలువ కట్ట దగ్గరకు వెళ్ళాం. కట్ట ఎక్కే దారి నిలువుగా ఉంది. ఆమె ఐస్ డబ్బా కట్టుకుని ఎక్కి చూపించింది. సగం దూరం పోయేసరికి ఇంజను నీరసపడింది. ఆమె పెడళ్ళు తొక్కుతూ, ముందుకు వంగి, మెల్లగా పైకి చేరింది. పక్కన నడుస్తున్న నేనే ఆమెకంటే ముందు పైన ఉన్నాను.

ఈ రెండు సంగతులూ సీనియర్ గారికి చెప్పాను. ఆయన ఒక్క సలహా ఇచ్చారు. బండికి గేర్లు లేవని నువ్వు చెప్పకు, ఉన్నాయని సాక్షి చేత చెప్పించు, అది కాగితం మీద పడేదాకా కదలకు అన్నారు.

మూడు వాయిదాలు సాక్షులు రాలేదు. నాలుగో వాయిదాకు కోటయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం. సర్కారు తరఫు వకీలు అడిగిన వాటికి తడుముకోకుండా జవాబులిచ్చాడు. తర్వాత నా వంతు. క్రాస్ ఎగ్జామినేషన్, అంటే అవతలివాళ్ళ సాక్షిని మనం ప్రశ్నించడం. వరండాలో లారీ డ్రైవర్లు కిటికీల దగ్గర మూగి చూస్తున్నారు. ఆడ లాయరు క్రాస్ చెయ్యడం వాళ్ళకు కొత్త.

బండి ఎంత జోరుగా వచ్చిందని అడిగాను. బస్సు కంటే జోరుగా అన్నాడు.

"కట్ట ఎక్కేటప్పుడు ఆమె గేరు మార్చిందా?"

"లేదండి. మారిస్తే వేగం తగ్గేది గదా. టాప్ గేరులోనే పైకొచ్చింది."

"మార్చలేదని మీకెట్టా తెలుసు?"

"నేను ట్రాక్టరు తోలేవాణ్ణండి. చప్పుడు బట్టే చెప్తాను."

"ఆ బండికి గేరు ఎక్కడుంటుంది?"

"ఎడం కాలి కాడండి" అన్నాడు.

మేజిస్ట్రేటు గారు రాస్తున్న కలం ఆపి తలెత్తారు. ఆయన కూడా కొంతకాలం మోపెడ్ మీద కోర్టుకు వచ్చిన మనిషని నాకు తర్వాత తెలిసింది. ఆ జవాబు పూర్తిగా రాసుకునేదాకా నేను నోరు మెదపలేదు. తర్వాత, బండి కోర్టు ఆవరణలోనే ఉంది, సాక్షి చేత గేరు చూపించమని కోరుతున్నాను అన్నాను. ఆయన లేచి వరండాలోకి వచ్చారు. వెనకే సర్కారు వకీలు, గుమస్తాలు, డ్రైవర్లు. కోటయ్య బండి చుట్టూ తిరిగాడు. ఎడం పక్క వంగి చూశాడు, కుడి పక్క చూశాడు. పెడల్ మీద చెయ్యి వేసి తీసేశాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వితే మేజిస్ట్రేటు గారు అటు ఒక చూపు చూశారు.

"కనపడలేదండి" అన్నాడు కోటయ్య.

ఆ మాట కూడా కాగితం మీద పడింది.

రెండో సాక్షి నాగులు. కోటయ్య దగ్గర పాలేరు. యాభై ఏళ్ళ మనిషి. ఆ రోజు గడ్డి మోపు కట్టి సైకిలెక్కించి, వెనకే నడుస్తూ వచ్చింది అతనే. వరండాలో జరిగిందంతా నిలబడి చూశాడు. బోనెక్కాక సర్కారు వకీలు అడిగిన వాటికి నేల చూస్తూ ముక్తసరిగా జవాబులిచ్చాడు. నేను ఒక్కటే అడిగాను, కట్ట దిగేటప్పుడు కోటయ్య గారు సైకిలు ఆపడానికి ఏం చేశారని.

"కాళ్ళు నేలకానించి ఆపబోయాడండి. చెప్పు జారింది."

"బ్రేకు నొక్కలేదా?"

నాగులు కోటయ్య వైపు ఒకసారి చూశాడు. తర్వాత మేజిస్ట్రేటు గారి వైపు తిరిగాడు.

"ఆ సైకిలుకి బ్రేకులు లేవండి. చానా రోజులైంది ఊడిపోయి. నర్సమ్మ తొక్కుకుంటా ఎక్కతా ఉంది. ఈయనే పోయి ఆమె మీద పడ్డాడు. ఆమె ఈయన చేతికి కట్టు కట్టింది."

నేను కూర్చున్నాను. ఇంక అడగడానికి ఏమీ లేదు. మిగిలింది కేసు రాసిన హెడ్ కానిస్టేబులు. టాప్ గేరు అన్న మాట ఎలా వచ్చిందని మేజిస్ట్రేటు గారే అడిగారు. లారీ కేసుల్లో రాసే నమూనా చూసి రాశామని, అది అన్ని కేసులకూ వాడేదేనని అతను దాచకుండా చెప్పాడు.

వారం తర్వాత తీర్పు. ముద్దాయి నిర్దోషి. ఈ ఛార్జిషీటు మరేదో వాహనం గురించి రాసినట్టున్నదని తీర్పులో ఒక వాక్యం కూడా ఉంది. దాని నకలు తీసుకుని సామ్రాజ్యం అక్కడికక్కడే మూడుసార్లు చదివింది. నాకు థాంక్స్ చెబుతుందనుకున్నాను. "ఇవాళ మంగళవారం మేడం, రెండు పల్లెల్లో టీకాలున్నాయి" అని చెప్పి బయటికి నడిచింది. మెట్ల మీద కూర్చున్న డ్రైవర్లు లేచి దారిచ్చారు. పెడల్ తొక్కి బండి స్టార్ట్ చేసి గేటు దాటింది. ఏడాది తిరక్కుండా ఆ ఇద్దరు నర్సులూ మోపెడ్లు కొన్నారు. వాళ్ళకు నేర్పింది కూడా సామ్రాజ్యమే. నాగులు కోటయ్య దగ్గర పని మానేశాడని, మా ఊళ్ళోనే పత్తి మిల్లులో చేరాడని తర్వాత తెలిసింది. ఒకసారి బజారులో కనిపించి నమస్కారం పెడితే, నేనే ముందు పెట్టాల్సిందని సిగ్గుపడ్డాను.

ఆ తీర్పు వచ్చిన తర్వాతి పెట్టీ కేసుల రోజున, నాపరాళ్ళ లారీ తోలే డ్రైవరొకడు వరసలోంచి పక్కకు వచ్చి నా ముందు నిలబడ్డాడు. పిలుపు రావడానికి ఇంకా టైముంది.

"నేను తప్పు చెయ్యలేదు లాయరమ్మా" అన్నాడు. "చెయ్యలేదని చెప్పొచ్చా?"

వరండాలో అంతమంది మధ్య ఆ ప్రశ్న విన్నాక, అప్పటిదాకా నేను చేసినదేమిటో నాకు అర్థమైంది. ఏం జరిగిందో వినకుండానే మనుషుల చేత తప్పు ఒప్పించాను. వాళ్ళకు మేలు చేస్తున్నాననుకున్నాను. ఏ కేసూ చిన్నది కాదని, ఏం జరిగిందో తెలుసుకున్నాకే సలహా చెప్పాలని, తెలియని సంగతి ఉంటే వెళ్ళి చేత్తో పట్టుకుని చూడాలని సామ్రాజ్యం నాకు నేర్పింది. ఆ డ్రైవరును పక్కకు తీసుకెళ్ళి, బల్ల మీద కూర్చోబెట్టి, మొదటినుంచి చెప్పమన్నాను.