ఆషాఢంలో పోయిన వెబ్‌సైటు పేరు

2024 మే నెలలో నన్ను కడప నుంచి కర్నూలుకు బదిలీ చేశారు. హోదా పాతదే, పరిశ్రమల ప్రోత్సాహక అధికారి. ఆఫీసులో పొడి అక్షరాల్లో ఐపీఓ అనేవాళ్లు. ఆ మూడు అక్షరాల పుణ్యమా అని, షేర్ల మీద ఆశ ఉన్న బంధువులందరూ ఏ కంపెనీ కొనాలో నన్ను అడిగేవాళ్లు. నేను చూసేది మాత్రం పిండిమరలు, ఇటుక బట్టీలు, నాపరాళ్లకు నునుపు పట్టే యూనిట్లు. మా శాఖలో పైన జనరల్ మేనేజరు, ఆయన కింద అసిస్టెంట్ డైరెక్టరు, ఆ కింద మేము. ఎండలో తిరగాల్సిన పనులన్నీ పై రెండు మెట్లూ దిగి మా దగ్గర ఆగేవి.

రిటైర్మెంటు దగ్గర పడింది కదా, తేలికపాటి పని ఇద్దామని కాబోలు, చేతిపని యూనిట్లకు సొంత వెబ్‌సైట్లు పెట్టించే పని నాకు అప్పగించారు. వెబ్‌సైటు తయారు చేయడానికి ఒక ఏజెన్సీ ఉండేది. వాళ్లు మొదలుపెట్టేలోగా యూనిట్ వాళ్లతో కూర్చుని డొమైన్ పేరు, అంటే ఇంటర్నెట్లో ఆ అంగడికి ఉండే చిరునామా, తేల్చాలి. దాన్ని వాళ్ల పేరు మీదే నమోదు చేయించాలి. వినడానికి పావుగంట పని. బిడ్డకు పేరు పెట్టడం కూడా వినడానికి పావుగంట పనే.

నాకు వచ్చిన మొదటి యూనిట్ ఓర్వకల్లులో హుసేనమ్మది. కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు పక్కనే షెడ్డు. వాళ్లది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబం. భర్త పోయాక ఏకుడు మిషన్ ఆమే నడుపుకుంటూ, ఊళ్లోని కొందరు ఆడవాళ్లకు కుట్టుపని ఇస్తోంది. ఫోమ్ పరుపులు వచ్చిపడ్డాక బేరాలు తగ్గిపోయాయి. నేను పోయిన మొదటిరోజే ఆమె సంగతి దాచకుండా చెప్పేసింది. "దసరా దాకా చూస్తా మేడమ్. అప్పటికీ ఇట్లే ఉంటే మిషన్ అమ్మేస్తా. ఈ ఆడోళ్లు పనికి బెంగళూరు పోతామంట్యాండారు, పోనీ అంటా, ఇంకేం జేసేది?" అంది. ఏడుపు లేదు, కోపం లేదు. చేతిలో సూది ఆగలేదు. నాకు మాత్రం ఆ మాట బస్సెక్కినా వదల్లేదు.

హుసేనమ్మకు పెద్దదిక్కు రంగయ్య శెట్టి గారు. కర్నూలు పాతబస్తీలో బట్టల వ్యాపారి. పరుపులకు పై గుడ్డ ఈయన అంగడి నుంచే వస్తుంది. ఈయన తండ్రి ఆమె మామగారికి గుడ్డ పంపిన రోజుల నుంచీ ఆ రెండు ఇళ్లకూ రాకపోకలు. వెబ్‌సైటు సంగతి తెలిసిన మరుసటి రోజే ఆయన ఓర్వకల్లుకు వచ్చి కుర్చీ వేసుకున్నారు. పేరు అప్పటికే ఆలోచించి పెట్టుకున్నారు: శ్రీ వాసవీ దస్తగిరి హుసేనమ్మ స్వచ్ఛమైన దూది పరుపుల తయారీ కేంద్రం. అమ్మవారూ వచ్చారు, దర్గా స్వామీ వచ్చారు, హుసేనమ్మా వచ్చింది. ఎవరికీ అన్యాయం జరగలేదు. టైపు చేయాల్సిన కొనుగోలుదారు గతి ఏమిటన్నదే ఆయన చూడలేదు.

డొమైన్ పేరుకు కొన్ని లక్షణాలు ఉండాలి. పొట్టిగా ఉండాలి. మధ్యలో గీతలు, అంకెలు ఉండకూడదు, ఫోనులో చెప్పడం కష్టం. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాసే మాటలు తగ్గించాలి. చివర డాట్ కామ్ దొరికితే మేలు, జనం వేళ్లకు అలవాటైంది అదే. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి విన్న మనిషి మళ్లీ అడక్కుండా టైపు చేయగలగాలి. దీనికి నాదొక పరీక్ష ఉండేది. బస్టాపు దగ్గర నిలబడి, లారీల రొదలో, ప్రొద్దుటూరులో ఉన్న మా ఆడపడుచుకు ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పేదాన్ని. ఆమె తప్పు లేకుండా రాసి పంపితే పేరు పాసైనట్టు. శెట్టిగారి పేరు సగం వినేసరికే ఆమె, "వదినా, ఇది పేరా, పెండ్లి పత్రికా?" అనింది.

ఫోను స్పీకర్లో ఉంది. నా పక్కనే నిలబడ్డ శెట్టిగారు విననట్టు కొండల వైపు చూశారు.

ఆ తర్వాత చాలా పేర్లు వచ్చాయి, పోయాయి. కొన్ని అప్పటికే ఎవరో తీసుకున్నవి. కొన్ని ప్రొద్దుటూరులో తప్పాయి. చివరికి హుసేనమ్మే విసుగొచ్చి, మనం చేసేది దూది పరుపులే కదా, అదే పెట్టండి అంది. వెదికి చూస్తే దూదిపరుపు డాట్ కామ్ ఖాళీగా ఉంది. ఆడపడుచు మొదటిసారే సరిగ్గా రాసింది. వెంటనే నమోదు చేసేద్దామని నేను ఫోను తీశాను.

శెట్టిగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆషాఢం వచ్చింది కదా మేడమ్. శూన్యమాసంలో అంగడి పేరు కొంటామా?"

హుసేనమ్మ కూడా, "పీర్లు నిలబెట్టే రోజులు మేడమ్. పీర్ల పండగ అయిపోనీ, అప్పుడు చూస్తాం" అంది.

ఆ ఏడు ఆషాఢమూ పీర్ల పండుగా కలిసి వచ్చాయి. ఓర్వకల్లులో పీర్ల ముందు అన్ని కులాలవాళ్లూ గుండం చుట్టూ తిరుగుతూ అలాయి తొక్కుతారు, ఆ రోజుల్లో కొత్త పని ఎవరూ మొదలుపెట్టరు. సరే, పీర్లయ్యాక పోయి అడిగాను. నాకేం అభ్యంతరం లేదు గానీ శెట్టన్న మనసు నొప్పించి చేస్తే బాగుండదు అంది హుసేనమ్మ. శెట్టిగారిని అడిగితే, తన పట్టింపు ఏముంది, శ్రావణమైతే ఆ బిడ్డకు అన్నివిధాలా మంచిదని అన్నారు. ఒకరి మీద ఒకరికి ఇంత గౌరవం ఉంటే ప్రభుత్వ పని ఎట్లా జరుగుతుంది? పోనీ నేనే కొనిపెడదామంటే నిబంధన ఒప్పుకోదు. యూనిట్ ఆస్తి ఏదీ అధికారి పేరు మీద ఉండకూడదు. నమోదుకు ఆమె ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. ఆమె ఇయ్యదు.

ఒకటే చెప్పాను. నమోదు అయ్యేదాకా ఈ పేరు మూడో మనిషికి తెలియకూడదు అని. శెట్టిగారు గుండె మీద చెయ్యి వేసుకుని ఒప్పుకున్నారు. ఆ తర్వాత నన్ను వేరే పని మీద ఆదోని వైపు పంపారు.

శ్రావణంలో మంచిరోజు చూసి కబురు పెట్టారు. బస్సు దిగేసరికి షెడ్డు గోడ నిండా నీలం రంగులో, రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనబడేంత పెద్ద అక్షరాల్లో, దూదిపరుపు డాట్ కామ్ అని రాసి ఉంది. లోపల పరుపుల పై గుడ్డల మీదా అదే అచ్చు. పనిని ఆషాఢంలో మొదలుపెట్టకూడదు గానీ, చెప్పుకోవడానికి ఏ పంచాంగమూ అడ్డు రాదట. శెట్టిగారి లెక్కలో గోడ మూడో మనిషి కాదు.

నా ఫోనుకు పసుపు కుంకుమ పెట్టారు. హుసేనమ్మ చక్కెర మీద ఫాతెహా చదివించి అందరికీ పంచింది. ఆ తీపి నోట్లో ఉండగానే పేరు కొట్టాను. అందుబాటులో లేదు అని వచ్చింది. ఆ చిరునామా తెరిచి చూస్తే రంగురంగుల ఫోమ్ పరుపులు. కర్నూలులో ఒక ఫోమ్ అంగడాయన ఈ దారిన పోతూ గోడ చూసి కొనేసుకున్నాడు. ఎప్పుడు నమోదైందో చూశాను. నడి ఆషాఢంలో.

"శూన్యమాసంలో కొన్నాడు గదా, వాడు బాగుపడడు చూడండి మేడమ్" అన్నారు శెట్టిగారు.

వాడు చెడిపోయేదాకా ఆగే తీరిక మాకు లేదు. డాట్ ఇన్ తీసుకుందామా అంటే, గోడ చూసినవాళ్లు అలవాటు కొద్దీ డాట్ కామ్ కొట్టి నేరుగా ఫోమ్ అంగడిలోకే పోతారు. ఫిర్యాదు చేద్దామా అంటే, దూది పరుపు అనేది ఒక సరుకు పేరు, అది మాదేనని చెప్పుకోవడానికి ట్రేడ్‌మార్కు లేదు. హుసేనమ్మ గోడ వైపు చెయ్యి చూపించింది. "దుడ్లు పెట్టి నా గోడ మీద నేనే వాళ్లకు బోర్డు రాయిచ్చినట్లుండాది మేడమ్. ఇంగ చాలు, మిషన్ అమ్మేస్తా" అంది. దసరా దాకా అన్న మనిషి దసరా మాటే ఎత్తలేదు. ఆరోజు నాకు శెట్టిగారి మీద నిజంగానే కోపం వచ్చింది. నేను తిట్టేలోగానే ఆయన లేచారు. గుడ్డలన్నీ తిరగేసి అచ్చు లోపలికి వచ్చేలా కుట్టించే ఖర్చు తనదేనన్నారు. సున్నం డబ్బా ఆయనే తెప్పించి, అంగీ చేతులు మడిచి, గోడకు కొట్టడానికి ఆయనే నిలబడ్డారు.

కొన్నాళ్లకు వేరే పేర్లు రాసుకుని మళ్లీ ఓర్వకల్లు బయల్దేరాను. బస్సులో కండక్టరు ముందు నుంచి కేక వేశాడు. "పరుపులమ్మ కాడ దిగేవాళ్లు రాండప్పా!" ఊరి బస్టాపు ఇంకా ముందుంది. హుసేనమ్మ షెడ్డు దగ్గర బస్సులు ఆపడం వాళ్లకు అలవాటు. దిగుతూ ఈ పేరు ఎవరు పెట్టారని అడిగాను. ఎవరు పెట్టేదేంది మేడమ్, అందరూ అట్లే అంటారు అని చెప్పి విజిలేశాడు. అక్కడే నిలబడి ప్రొద్దుటూరుకు ఫోన్ చేశాను. పరుపులమ్మ. మొదటిసారే పాసైంది.

శెట్టిగారికి విన్నంతనే నచ్చింది. అమ్మవారి పేరు మాదిరి ఉండాది, దండం పెట్టుకున్నట్టూ ఉంటుంది అన్నారు. హుసేనమ్మకే మింగుడు పడలేదు. ఆమె మొగుడు పోయి మిషన్ దగ్గర తాను కూర్చున్న కొత్తలో, ఆడమనిషి దూది ఏకుతోందని కుర్రాళ్లు ఎగతాళికి పెట్టిన పేరట అది. "నన్ను ఎక్కిరిస్తాండారనే అనుకున్యా ఇన్నేండ్లు" అంది. ఆ కుర్రాళ్లకు ఇప్పుడు పెళ్లిళ్లయ్యాయనీ, పరుపులు ఆమె దగ్గరే కుట్టించుకున్నారనీ పక్కనున్న ఆడవాళ్లు గుర్తు చేశారు. ఆమె నవ్వి, ఫోను నా చేతికి ఇచ్చింది.

పేరు ఖాళీగా ఉంది. గోడ గడియారం చూసి, శెట్టిగారూ, ఇప్పుడు రాహుకాలం నడుస్తోంది, సాయంత్రం చేద్దామా అని నేనే అడిగాను. అడగకుండా ఎట్లా ఉండగలను?

"రాహువుతో నేను మాట్లాడుకుంటా. మీరు ముందు నొక్కండి మేడమ్!" అన్నారాయన. ఓటీపీని ఆమె ఫోనులోంచి ఆయనే బిగ్గరగా చదివారు. నమోదు హుసేనమ్మ పేరున జరిగింది. ఏటా గడువు దాటకుండా దానంతటది కొనసాగే ఏర్పాటు కూడా చేయించాను. ఆ తర్వాతే పెయింటర్ని పిలిచాం.

బేరాలు ఒక్కసారిగా ఏమీ విరగబడలేదు. మొదట ఆ రోడ్డున పోయేవాళ్లు, తర్వాత నంద్యాల, కడప వాళ్లు, నడుంనొప్పికి దూది పరుపు మేలని డాక్టరు చెప్పినవాళ్లు. దసరా దగ్గరికొచ్చేసరికి మిషన్ రోజూ తిరుగుతోంది. బెంగళూరు పోతామన్న ఆడవాళ్లలో ఒకామె మాత్రం అప్పటికే వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు ఉండిపోయారు.

దసరా అయ్యాక ఒకరోజు నేను షెడ్డులో ఉండగానే ఆ ఫోమ్ అంగడాయన హుసేనమ్మకు ఫోన్ చేశాడు. ఆ పేరు చూసి వచ్చే ప్రతివాడూ దూది పరుపే అడుగుతున్నాడట. ఫోమ్ చూపిస్తే, మరి దూది అని ఎందుకు పెట్టినావని తగువుకు వస్తున్నారట. పేరు ఊరికే ఇచ్చేస్తాను, తీసేసుకోండి అన్నాడు. శెట్టిగారు తీసుకోమని రెండు చేతులతో సైగలు చేశారు. నేనూ తీసుకోమనే చెప్పేదాన్ని. హుసేనమ్మ మా ఇద్దరి వైపూ చూడలేదు.

"వద్దులేప్పా, నీ కాడే పెట్టుకో. నీ అంగట్లో దూది యాడా లేదు, పేర్లోనన్నా ఉండనీ. దూది కోసరమని వచ్చినోళ్లను మాత్రం ఈడికి పంపు" అని ఫోను పెట్టేసి, సూదిలో దారం ఎక్కించుకుంది.

ఆయన పంపాడు. నేను రిటైరయ్యే నాటికీ పంపుతూనే ఉన్నాడు. తగువులు తప్పించుకోవడానికి ఆయనకు వేరే దారి లేదు.

ఆ తర్వాత వచ్చిన యూనిట్ వాళ్లకు నేను చెప్పింది కొంచెమే. పేరు తేలిన గంటలోనే నమోదు చేసుకోండి, నలుగురికీ చెప్పేది ఆ తర్వాత. కొత్త పేరు కోసం తల పట్టుకునే ముందు, కొనేవాళ్లు మిమ్మల్ని ఇప్పటికే ఏమని పిలుస్తున్నారో కనుక్కోండి. అమ్మే సరుకు పేరులో లేకపోయినా అంగడి నడుస్తుంది. అమ్మని సరుకు పేరులో ఉంటే నడవదు.