టర్బో పోయిన రోజు నేనన్న మాట

బడంగ్‌పేట్‌లో నాకు చిన్న వంటశాల ఉంది. అక్కణ్నుంచి రోజూ మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు భోజనం పంపుతాను. డీజిల్ పికప్ నాదే, నడిపేది మాత్రం నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవర్. నాది కృష్ణా జిల్లా నోరు. ఆ నోటిని అతను ఆరేళ్లుగా భరిస్తున్నాడు.

ఆ రోజు కర్మన్‌ఘాట్ దాటాక ఫోన్ చేశాడు.

"అమ్మా, బండి గుంజుతలేదు. విజిల్ లెక్క సప్పుడు, నల్లపొగ. ఇంజిన్ బంద్ చేసిన. అన్నం ఆటోలల్ల పంపిస్తున్న."

"ఇంకాస్త దూరమేగా, లాక్కుపోలేవూ?"

"నడపనమ్మా. నడిపితే ఇంజిన్ పోతది."

అన్నం వేళకే అందింది. నా కోపం మాత్రం దిగలేదు. బండిని మెకానిక్‌కు అప్పజెప్పి, ఖాళీ గిన్నెలతో అతను తిరిగొచ్చేసరికి కాచుకుని కూర్చున్నాను. వంటచేసే నలుగురు ఆడవాళ్ల ముందే, "ఇష్టమొచ్చినట్టు తోలి బండిని నాశనం చేశావు, రేపట్నుంచి రావద్దు" అనేశాను. అతను గిన్నెలన్నీ దించి వెళ్లిపోయాడు.

మర్నాడు మెకానిక్ పిలిపించాడు. ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా తోసే టర్బోని అప్పటికే విప్పి పెట్టాడు. లోపలి చిన్న ఫ్యాన్‌ని నా వేళ్లతో పట్టించాడు. ఊడబోయే పన్నులా కదిలింది. రెక్కల అంచులు అరిగిపోయి ఉన్నాయి. కొత్తది వేసెయ్యమన్నాను.

"ఏస్త మేడం. కానీ దీన్ని ఏది తిన్నదో తెల్వకుండ ఏస్తే కొత్తది గూడ గట్లనే పోతది."

ఆ మాటకే ఆయన మీద గౌరవం కలిగింది. గాలి గొట్టం వెంట ఒక్కో క్లిప్పూ విప్పుకుంటూ వెనక్కి వెళ్లి, చివరికి ఎయిర్ ఫిల్టర్ బయటికి తీశాడు. కాగితం ఉబ్బి, మడతల దగ్గర చిరిగిపోయింది.

"దీన్ని ఎవరో నీళ్లల్ల కడిగిన్రు. కాగితం ఫిల్టర్ కడుగుతరా ఎవరన్న? చినిగినకాడ దుమ్ము దూరి రెక్కలను తిన్నది."

కడిగింది నేనే. మా డ్రైవర్ ఊరెళ్లిన వారంలో, బదులు వచ్చిన డ్రైవర్ చేత తీయించి, ఆ నలుపు చూడలేక సబ్బునీళ్లలో నానబెట్టి డాబా మీద ఆరేశాను. శుభ్రం చేశానని సంబరపడ్డాను కూడా. అతనికి చెప్పాలనే తట్టలేదు.

"బండి ఆపినాయనకు దండం పెట్టాలె మేడం. ఇంకో జర నడిపితే ఇరిగిన ముక్కలు ఇంజిన్ల పడుతుండె."

సిగ్గుతో తల వంగిపోయింది. నేరుగా ఎల్బీనగర్‌లో అతని ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ కుర్చీ వేసింది. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకుని, పనిలోకి రమ్మన్నాను. అతను చివరిదాకా విన్నాడు.

"పని దొరుకుతదమ్మా. కానీ మీరు నల్గురి ముందట అన్నరు. ఆళ్ల ముందటనే చెప్పుండ్రి. గప్పుడొస్త."

ఒక్క క్షణం ఒళ్లు మండింది. ఇంటికొచ్చి అడిగినా ఇంత బెట్టా అనుకున్నాను. దారి పొడుగునా ఆలోచిస్తే ఆ మనిషి మీద గౌరవమే పెరిగింది. నేను తిట్టినప్పుడు గొంతు పెంచలేదు, న్యాయం తనవైపు తిరిగాక కూడా పెంచలేదు. పోయిన పేరు పోయినచోటే ఇమ్మన్నాడు, అంతే. అతని స్థానంలో నేనుంటే వీధంతా వినపడేలా అరిచేదాన్ని.

మర్నాడు పొద్దున అతను వచ్చి వంటశాల గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను నోరు తెరిచాను. ఎప్పుడూ లేనిది, గొణిగాను. పెద్ద పొయ్యి దగ్గరున్న ఆవిడ మంట తగ్గించి, "ఏందమ్మా? ఇనవడలే" అంది.

"బండిని పాడుచేసింది నేను. కాపాడింది ఇతను" అన్నాను, తిట్టిన రోజు ఎంత గట్టిగా అన్నానో అంత గట్టిగా.

అప్పుడు లోపలికి వచ్చాడు.