మల్లెమొగ్గలు పట్టిచ్చిన లీకు

ఆ ఉపాయం అక్కమ్మకు ఎలా తట్టిందో ఎంత ఆలోచించినా ఇప్పటికీ అంతు చిక్కదు. తిరువూరు బజారులో బుట్ట నెత్తిన పెట్టుకుని పూలమ్మడం మొదలెట్టిన మనిషి, అరవై దాటాక పాత పెట్రోలు పికప్పు కొన్నది. నడిపేది యేసుదాసు. పక్క సీట్లో కూర్చుని బ్రేకులు మాత్రం ఆవిడే వేసేది, నోటితో.

రెండువేల తొమ్మిది వేసవిలో స్టీరింగు ముందు ఇంజనులో తేడా ఉందని చెప్పే పసుప్పచ్చ దీపం వెలిగి ఇక ఆరనంది. బెజవాడలో మిషను పెట్టి చూసి, పెట్రోలు ఆవిరి ఎక్కడో బయటికి పోతోందన్నారు. మెకానిక్ నౌషాద్ ట్యాంకు మూత మార్చాడు. కిందంతా గుడ్డతో తుడిచి చూశాడు. చుక్క తడి లేదు. ఇంతలో వినగడప పెళ్లివాళ్లు పూలు వెనక్కి పంపేశారు, పెట్రోలు కంపు కొడుతున్నాయని. ఆ సాయంత్రం గంపలగూడెంలో ఇంకో పెళ్లి. ఆ పూలూ తిరిగొస్తే ఇక అక్కమ్మను పిలిచేవాడుండడు.

“నీకు వాసన రావట్లేదుట్రా?” అనడిగింది అక్కమ్మ నౌషాద్‌ని.

“పాతికేళ్లుగా ఇందులోనే మునిగున్నా పిన్నీ. నా ముక్కుకి బిర్యానీ కూడా పెట్రోలే.”

అక్కమ్మ అతని ముక్కు వంక ఒక్క క్షణం చూసింది. “నీ ముక్కు పట్టకపోతే పూలు పడతాయిలే,” అంది. గబగబా దోసెడు మల్లెమొగ్గలు తీసి, తడిగుడ్డ ముక్కల్లో చిన్న మూటలు కట్టింది. నౌషాద్ బండి కిందికి దూరి, ఇంజను పక్కన ఒకటి, ట్యాంకు దగ్గర ఒకటి, ట్యాంకులోని ఆవిరిని పీల్చుకునే బొగ్గుడబ్బాకు ఒకటి వేలాడదీశాడు.

“బండికి సీమంతమా పెద్దమ్మా?” అన్నాడు యేసుదాసు.

“నోరు మూసుకుని ఎండలోకి తొయ్యి.”

కాసేపాగి మూటలు విప్పారు. మొదటిది మల్లె. రెండోదీ మల్లె. బొగ్గుడబ్బా దగ్గరిది ముక్కుదాకా రాకముందే అక్కమ్మ విసిరికొట్టింది.

“ఛీ! ఇదేరా! ఇక్కడేరా!”

నౌషాద్ మళ్లీ కిందికి దూరాడు. డబ్బాకొచ్చే రబ్బరు గొట్టం పైకి నున్నగానే ఉంది. వంచి చూస్తే, సన్నటి చీలిక నోరు తెరిచింది.

“దొరికింది పిన్నీ! దొరికిపోయింది!” లేవబోయి తల కొట్టుకున్నాడు. అయినా నవ్వు ఆగలేదు.

కొత్త గొట్టం వేసి క్లిప్పులు బిగించాడు. మళ్లీ మూట, మళ్లీ ఎండ. ఈసారి అక్కమ్మ వాసన చూసి, యేసుదాసు ముక్కు కింద పెట్టింది.

“మల్లె!” అని అరిచాడు వాడు, పందెం గెలిచినట్టు.

“దీపం మాత్రం వెంటనే ఆరదు పిన్నీ, నాలుగు రోజులు తిరిగాక...” నౌషాద్ చెబుతూనే ఉన్నాడు. వినేదెవరు? పూలబుట్టలు ఎక్కేశాయి. అక్కమ్మ కొంగు నడుముకు దోపి సీట్లోకి ఎగిరి కూర్చుంది.

“పోనీరా, లగ్నం దాటిపోద్ది!”

నౌషాద్ చేతులు తుడుచుకుని తలెత్తేసరికి, వస్తానన్న మాటైనా లేకుండా బండి గంపలగూడెం రోడ్డెక్కేసింది.