ఎత్తురోడ్డుతో మామయ్య తగవు

మామయ్యకు ఎత్తురోడ్డంటే పడదు. పడకపోతే ఎవరైనా ఆ దారిన వెళ్ళడం మానేస్తారు. మామయ్య మానడు. సైకిలు మీద వెతుక్కుంటూ వెళ్ళి, సగం ఎక్కాక దిగి, స్టాండు వేసి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆ రోడ్డును నిలబెట్టి కడిగేస్తాడు.

వృత్తికి ఆయన లిఫ్టు మెకానిక్కు. పగలంతా జనాన్ని హాయిగా పైకి చేర్చే పని. అందుకని కష్టపెట్టి పైకి చేర్చేదేదైనా ఆయనకు పచ్చి మోసంగా కనబడుతుంది.

“బోడి మూడంతస్తుల ఆఫీసుకి లిఫ్టు పెడతారు. ఇంత కొండకి పెట్టడానికేం రోగం?” అని గద్దిస్తాడు. ఎవరిని గద్దిస్తున్నాడో ఆయనకే తెలియాలి.

వాళ్ళ ఊళ్ళో ఒక సైకిలు సంఘం ఉంది. కొండల నడుమ పెద్ద జలాశయం, దాని చుట్టూ ఎక్కుతూ దిగుతూ పోయే దారి. చివర ఆనకట్ట దాటి ఇవతలికి వచ్చేస్తే చుట్టు పూర్తయినట్టు. ఆనకట్ట మీదికి సైకిళ్ళనూ మనుషులనూ మాత్రమే వదులుతారు, అదీ పొద్దుగూకేవరకే. తరువాత గేటుకు గొలుసు పడుతుంది. గొలుసు పడ్డాక వచ్చినవాళ్ళు సైకిలును సంఘంవారి వ్యానుకెక్కించి, వచ్చిన దారినే తలవంచుకుని తిరిగిరావాలి.

మందుల షాపులో పనిచేసే ఆయన మేనకోడలు అప్పటికి రెండుసార్లు ఆ వ్యానులోనే వచ్చింది. రెండోసారి డ్రైవరు, “ఈ సీటు మీ పేర రాసిచ్చేయమంటారా అమ్మాయిగారూ?” అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మూడోసారి కూడా వ్యానెక్కితే సైకిలు అమ్మేస్తానని అందరిముందూ ఒట్టు పెట్టింది. సంఘంవాళ్ళు ఇద్దరిద్దరిని జోడీ వేసి పంపుతారు. తీరా బయలుదేరే రోజున చూస్తే, ఆమెకు జోడీగా మామయ్య నిలబడి ఉన్నాడు. అడిగి మరీ వేయించుకున్నాడట!

“మామయ్యా, ఇవాళ తగవులొద్దు. నీకు దణ్ణం పెడతాను.”

“నేనా? నేనెవరి జోలికైనా పోయే మనిషినా?”

మొదటి ఎత్తు సగం కూడా కాకముందే ఆమె సైకిలుకు గేర్లన్నీ అయిపోయాయి. కాళ్ళు ఇనపగుండ్లయ్యాయి. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడే, ముందున్న మామయ్య బ్రేకు వేశాడు.

“ఆగవే! ఈ దౌర్జన్యం చూశావా?”

స్టాండు పడింది. కళ్ళజోడు ఊడింది.

“ఏం రోడ్డువే నువ్వు? ఆ మలుపు దగ్గర ఇంక అయిపోయినట్టు ముఖం పెట్టావు. నమ్మి తిరిగి వస్తే ఇంత మిగిల్చావా? నమ్మించి గొంతు కోయడమంటే ఇదే! ఏమే, నువ్వే చెప్పు, ఇది న్యాయమేనా?”

మేనకోడలు నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

“చూశావా, పిల్లకి నోట మాట కూడా రావడంలేదు!” అని మామయ్య రోడ్డు మీద ఇంకో నేరం మోపాడు.

కాసేపటికి పిల్లకు నోట మాట వచ్చింది.

“మామయ్యా! అది రోడ్డు. దానికి చెవులుండవు!”

“ఉంటే ఎప్పుడో బాగుపడేది.”

“అవతల పొద్దు పోతోంది!”

“పోతే పోనీ. తప్పు చేసినవాళ్ళని ఊరికే వదిలేస్తామా?”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మీదే మిగతా ఎత్తంతా ఎక్కేసింది.

రెండో ఎత్తులో మామయ్య ఒక కిలోమీటరు రాయిని పట్టుకున్నాడు. “ఇంకా ఎంత దూరముందని నిన్ను నేనడిగానా? అడక్కుండా చెప్పడానికి నువ్వెవరు?” ఆ తరువాత ఎదురుగాలి వంతు. “నీకు వేరే పనేం లేదా? ఇన్ని కొండలుండగా నా మేనకోడలి ముఖం మీదికే రావాలా?” ఆపైన జలాశయాన్నే నిలదీశాడు. “నువ్వు హాయిగా మధ్యలో పడుకుని, చుట్టూ మమ్మల్ని తిప్పుతావా?” ఆగిన ప్రతిచోటా మేనకోడలిని సాక్షిగా పిలవడం, సాక్షికి గొంతు పెగలకపోవడం, కేసు మరింత గట్టిపడటం. సూర్యుడు మాత్రం ఎవరి వాదనా వినకుండా దిగిపోతున్నాడు.

ఆఖరి ఎత్తు అన్నిటికన్నా పెద్దది. దాని మొదట్లోనే వ్యాను పక్కకు వచ్చి ఆగింది.

“సీటు తుడిచి ఉంచానమ్మాయిగారూ,” అన్నాడు డ్రైవరు పళ్ళికిలిస్తూ.

మామయ్య అప్పుడే స్టాండు వేస్తున్నాడు. అంతే, మేనకోడలికి ఎక్కడ లేని కోపమూ ముంచుకొచ్చింది.

“ఇదంతా నీవల్లే! నీతో జోడీ వేసినవాళ్ళని అనాలి! రోడ్డునే తిట్టుకుంటావో, రాళ్ళనే తిట్టుకుంటావో, ఇక్కడే కూర్చుని తీరిగ్గా తిట్టుకో. నేను పోతున్నా!”

పోయింది. తొక్కుడు తొక్కుడుకీ మామయ్యను ఒక మాట అనుకుంటూ, ఎక్కడా కాలు కింద పెట్టకుండా ఆ కొండంత ఎత్తూ ఎక్కి, దిగి, ఆనకట్ట గేటు ముందు వాలింది. కాపలా ఆవిడ చేతిలో గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. పడమట ఇంకా కాస్త ఎరుపు మిగిలే ఉంది.

“రా తల్లీ, రా. నీ కోసమే చూస్తున్నా. మీ తగవులాయన ఏడీ?”

“ఎక్కడో ఏ రాయితోనో పోట్లాడుతూ ఉంటాడు. ఆయన లేకపోతే ఎప్పుడో వచ్చేదాన్ని!”

కాపలా ఆవిడ పకపకా నవ్వింది.

“కిందటేడు ఆయనకి జోడీగా వచ్చిన దర్జీ కూడా ఇదే మాటన్నాడు. అంతకుముందు పళ్ళ డాక్టరమ్మ అంది. అందరూ ఆయన్ని తిట్టుకుంటూనే గేటు దాటారు.”

“మరి తిట్టుకోక?”

“ఆయన ఒక్కడే వచ్చే రోజున చూడాలమ్మా. ఎక్కడా ఆగడు. ఎవరినీ ఏమీ అనడు. ఎండ ముదరకముందే ఈల వేసుకుంటూ దాటిపోతాడు. రొప్పేవాళ్ళు పక్కనుంటేనే ఆయనకి రోడ్ల మీద కోపం.”

మేనకోడలికి మామయ్య సైకిలు దిగిన చోట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏ ఒక్క చోటా ఆమె ఇంకో నాలుగు గజాలు తొక్కగలిగే స్థితిలో లేదు.

ఇంతలో మామయ్య వచ్చిపడ్డాడు. కోపంతో దూసుకుపోయిన పిల్లను అందుకోవడానికి పడ్డ పాట్లన్నీ ముఖాన కనబడుతున్నాయి. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. అయినా గొలుసును చూడగానే, “ఏమే గొలుసూ...” అని మొదలుపెట్టబోయాడు. దగ్గొచ్చింది. ఆవిడ ఇద్దరినీ అవతలికి తోసి గేటు వేసేసింది.

చుట్టు పూర్తయింది. వ్యాను ఖాళీగా వెనక్కి తిరిగింది.

ఆనకట్ట దాటాక సంఘం ఆఫీసుకు పోయే దారిలో చిన్న ఎత్తొకటి ఉంది. సగం ఎక్కాక మేనకోడలు వెనక్కి తిరిగి చూసింది. మామయ్య వంకరటింకరగా తొక్కుతూ వస్తున్నాడు. ఆయన సైకిలు దిగలేదు. తిట్టడానికి ఊపిరుంటే కదా!

ఆమె బ్రేకు వేసింది. స్టాండు వేసింది.

“ఏయ్ రోడ్డూ!” అంది. “నీకసలు... పెద్దాచిన్నా లేదా? పొద్దుటినుంచీ తొక్కి తొక్కి వస్తున్న మనిషికి, ఇంటిముందు కూడా ఎత్తేనా? నువ్వే చెప్పు మామయ్యా, ఇది న్యాయమేనా?”

మామయ్య సైకిలు దిగి, హ్యాండిలు మీద వాలిపోయి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

“చూశావా, ఆయనకి నోట మాట కూడా రావడంలేదు!”

మామయ్య ఆమె వంక అనుమానంగా చూశాడు. గేటు వైపు ఒకసారి చూశాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో నిదానంగా, చాలా నిదానంగా తుడుచుకున్నాడు. ఊపిరి కుదుటపడ్డాక అన్నాడు:

“అదేం తిట్టడమే? నడుం మీద చెయ్యేదీ?”