అవతలి పక్షం వకీలమ్మ

కంపెనీ వకీళ్లు కసాయివాళ్లని సూరత్ దగ్గరి పల్సానాలో సాంచాలనే కరెంటు మగ్గాలు నడిపేవాళ్లంతా అంటారు. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ మగ్గాలు పెట్టుకున్న నేనూ చాలా ఏళ్లు అన్నాను. ఇప్పుడు ఎవరైనా నా ముందు ఆ మాటంటే ఊరుకోను.

లాక్‌డౌన్‌కు ముందు ఒక పెద్ద గల్ఫ్ కంపెనీ తన కూలీల యూనిఫాం బట్టకు మాకు ఆర్డర్ ఇచ్చింది. రింగ్ రోడ్ బట్టల బజారు సేఠ్‌లెవరూ నడుమ లేకుండా నేరుగా వచ్చిన మొదటి ఆర్డర్ అది. అంతలో అన్నీ బందయ్యాయి. వడోద్‌లో అద్దె గదుల్లో ఉండే మా పనివాళ్లు దొరికిన బండెక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. ఇరవై నాలుగు కరెంటు మగ్గాలు ఆగిపోయాయి. ఆర్డర్ కూడా పోతే వాటిని తుక్కు కింద అమ్ముకోవడమే. పక్క షెడ్డువాడు అప్పటికే అమ్మేశాడు.

బందైన మూడో రోజునే ఆ కంపెనీ పర్చేజ్ మనిషికి మగ్గాలు ఆగాయి, సరుకు ఆలస్యమవుతుందని వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపాను. "ఠీక్ హై చాచా" అని జవాబొచ్చింది. సూరత్‌లో వ్యాపారం అట్లాగే నడుస్తుంది, నోటిమాటే కాగితం. రెండు నెలలయ్యాక అదే పెద్దమనిషి, మేము చెప్పాపెట్టకుండా సరుకు ఆపామంటూ ఆర్డర్ రద్దు చేయమని తన కంపెనీకి చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అట్లాంటి కంపెనీల్లో జీతానికి పనిచేసే వకీళ్ల విభాగం ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది. అక్కడి నుంచి ఒకామె ఫోన్ చేసింది. కోస్తా వైపు తెలుగామె.

"ముందే చెబుతున్నానండీ, నేను కంపెనీ లాయర్ని, మీ లాయర్ని కాదు. మీరు చెప్పేదంతా రాసుకుంటాను. ఇష్టమైతేనే చెప్పండి."

"నాకేం భయం బిడ్డా. మీ పర్చేజ్ సాబ్‌కే చెవులు లెవ్వు. జర ఆయన్నడుగు."

"అడిగాను. ఇలాంటి అడ్డంకి వస్తే పద్నాలుగు రోజుల్లో మా విభాగానికి ఉత్తరం రాయాలని ఒప్పందంలో ఉంది. మీరు రాయలేదు."

"రాయలే. నోటితోని చెప్పిన. గా రికార్డు ఇంక నా ఫోన్లనే ఉన్నది."

"ఆయన జవాబుతో సహా పంపండి" అంది.

రెండు రోజులకు మళ్లీ చేసింది. తమ మనిషి విన్నాడు కనుక కంపెనీకి తెలిసినట్టేనని పైవాళ్లకు రాసిందట. సొంత కంపెనీవాడి తప్పు సొంత చేత్తో రాసింది. "మీకు ఉపకారం చేశాననుకోకండి. రద్దు చేస్తే రేపు తప్పు మా మీద పడుతుంది. అది చూడటమే నా పని." ఇప్పుడైనా ఉత్తరం రాయమంది.

"నువ్వే రాసియ్యరాదు బిడ్డా."

"అవతలి పక్షం ఉత్తరం నేను రాయకూడదు బాబాయిగారూ. హిందీలోనే రాయండి. ఇవాళ ఎన్ని మగ్గాలు నడుస్తున్నాయి, నెలకు ఎన్ని మీటర్లు పంపగలరు, అంతే."

బడికి పోనివాణ్ని. దుకాణాల బోర్డులు చూసి మూడు లిపులు నేర్చుకున్నాను. కూర్చుని రాశాను. పన్నెండు మగ్గాలు నడుస్తున్నాయని రాశాను. వెనక్కొచ్చిన పనివాళ్లతో నడుస్తున్నవి నాలుగు. మీటర్లు మాత్రం పంపగలిగినన్నే రాశాను. తక్కువ చెబితే ఆర్డర్ పోతుందని భయం.

మరునాడే ఫోన్. "ఒక మగ్గం రోజుకు ఎంత నేస్తుందో మొన్న మీరే చెప్పారు. మీరు రాసిన మీటర్లకు పన్నెండు అక్కర్లేదే. వాటికి మనుషులున్నారా?"

"వస్తరు."

"ఇవాళ ఉన్నారా అండీ?"

ఆగి ఉన్న మగ్గాల వైపు చూశాను.

"ఈ కాగితాన్ని నమ్మి పైవాళ్లు సరుకు పెంచమంటారు. మీరు పంపలేకపోతే ఇదే చూపించి రద్దు చేస్తారు. ఆ నోటీసు రాసేదీ నేనే. చూసుకోండి."

కోపమొచ్చింది అనుకున్నాను. అది సిగ్గు. నాలుగు అని రాసి పంపాను.

వారానికి జవాబొచ్చింది. ఆర్డర్ ఉంటుంది, నాలుగు మగ్గాలు నేసినంతే నెలనెలా పంపాలి, మనుషులు వచ్చేకొద్దీ పెంచాలి. సంతోషం పట్టలేక ఆమెకు ఫోన్ చేశాను.

"సరే గానీ, మళ్లీ మగ్గం ఆగితే ఎవరికి రాస్తారు?"

"మీ వకీళ్లకే."

"ఎన్ని రోజుల్లో?"

"పద్నాలుగు."

అప్పుడుగానీ ఫోన్ పెట్టలేదు.

దీపావళి ముందు ఐదో మగ్గానికి మనిషి దొరికాడు. అతను మగ్గం మీద చెయ్యి వేసిన రోజే ఆమె విభాగానికి ఉత్తరం రాశాను. ఈసారి ఎవరూ అడగలేదు.