పత్తి మీద తెలుపు

నరసరావుపేటలో ఫోటోలు ప్రింటు తీసే భాయ్ ఒకాయన ఉండేవాడు. ప్రింటు బయటికి రాగానే గుమ్మంలోకి తీసుకెళ్లి, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకునేవాడు. ఫోటోలో మనిషి ఎవరన్నది ఆయనకి పట్టదు. తెలుపు ఒక్కటే చూస్తాడు.

పత్తి కుప్ప మీద కూర్చున్న మా పిన్ని ఫోటో బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింటు తీయించాను. "పత్తి మెరిసిపోతంది భాయ్" అన్నాను.

"అది పత్తి కాదు, ఉత్త కాగితం. అక్కడ ఇంకు చుక్కే పడలా."

తెలుపు కాస్త తగ్గించి మళ్లీ తీశాడు. ఈసారి పత్తి మీద ఇసుక చల్లినట్టు చుక్కలు.

"గోడకి తగిలించే ఫోటోకి ఇంత రాద్ధాంతమేంది భాయ్?"

ఆయన నల్ల ఇంకు బదులు లేత బూడిద ఇంకు పడేట్టు పెట్టి, ప్రింటరుని బాగా నిదానంగా నడిపించాడు. పత్తి నున్నగా వచ్చింది.

ఇంటికి తెచ్చిస్తే పిన్ని తన మొహం చూసుకోనే లేదు. "ఇది వానకి తడిసిన పత్తి కదరా," అంది.

ఆ మాట భాయ్‌కి చెప్పాను, తడి కూడా తెలిసేట్టు తీశానని పొంగిపోతాడని. ఆయన గుమ్మంలో పట్టుకుని చూస్తున్న ప్రింటు కిందికి దించాడు.

"చానా నష్టమొచ్చిందా మీ పిన్నికి?"