మా ఆవిడ చెప్పని సాక్ష్యం

మొన్న మంగళవారం పొద్దున పదింటప్పుడు బందరులో మా ఇంటి వసారాలో కూర్చుని, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ లోపలి మాటలు వింటున్నాను. డెబ్బై ఎనిమిదేళ్ళు దాటాక మనిషికి మిగిలే విద్యల్లో అదొకటి, మీరు నా ఈడు వాళ్ళైతే వేరే చెప్పక్కర్లేదు. మా మనవరాలు, అంటే మా పెద్దాడి కూతురు, తొలి కాన్పుకి వచ్చి ఉంది. బిడ్డ పుట్టి ఇరవై రోజులైంది. చూడటానికి వచ్చిన నర్సమ్మ బిడ్డని తూచి, తల్లికి రక్తపోటు చూసి, ఇక వెళ్తుందేమో అనుకుంటే, ఫోను తీసి అందులో చూస్తూ ఏవో ప్రశ్నలు మొదలుపెట్టింది. ఈ వారంలో మనసారా నవ్వావా అమ్మా, అన్నం సయిస్తోందా, ఊరికే ఏడుపొస్తోందా, ఇలా పదో పన్నెండో. మనవరాలు బాగానే ఉందండీ, లేదండీ అంటూ చెప్పుకుపోతోంది.

"బిడ్డని చూస్తే ఎప్పుడన్నా భయం వేస్తోందా?" అనడిగింది నర్సమ్మ.

"వేసేదమ్మా," అని వంటింటి గడప దగ్గర్నుంచి జవాబొచ్చింది.

గోంగూర ఆకు తుంచుకుంటూ కూర్చున్న మా ఆవిడది ఆ గొంతు. నర్సమ్మ తల తిప్పి, ఏమన్నారు మామ్మగారూ అంటే, నన్ను కాదులే అమ్మా నువ్వడిగింది, అని మళ్ళీ ఆకులో పడిపోయింది. లోపల ముగ్గురూ నవ్వారు. బయట నా చేతిలో పేపరు మాత్రం ఆ తర్వాత ఎంతసేపటికీ ఇంకో పేజీ తిరగలేదు.

మా పెద్దాడు పుట్టిన కథ మా బంధువర్గంలో తెలియనివాళ్ళు లేరు. గుడివాడ చర్చి సంఘంలో, బందరు సంఘంలో, పెళ్ళిళ్ళలో, క్రిస్మస్ విందుల్లో నేను చెప్పగా విన్నవాళ్ళే అందరూ. వినని మీకోసం చెబుతాను. అప్పుడు నేను గుడివాడ-బందరు బస్సులో కండక్టర్ని. మా ఆవిడ పుట్టిల్లు దివిసీమలో, నాగాయలంక అవతల పడవ దాటి వెళ్ళే ఒక లంకలో. కాన్పుకి అక్కడికే వెళ్ళింది. కవుతరం దగ్గర బస్సులో ఉండగా నాకు కబురందింది, నీ భార్య రెండు రోజులుగా నొప్పులు పడుతోంది, పెద్ద ప్రాణానికే ముప్పుగా ఉంది అని. టిక్కెట్ల సంచి డ్రైవరు ఒళ్ళో పడేసి దూకాను. లారీ ఎక్కి, సైకిలు తొక్కి, రేవుకి చేరేసరికి కుంభవృష్టి, ఏరు వరద మీదుంది. పడవవాడు నావల్ల కాదు బావా అని చేతులెత్తేస్తే తెడ్డు నేనే లాక్కున్నాను. అవతల ఒడ్డున మా ఆవిడని నులకమంచం మీదే ఎత్తి పడవలో పెట్టి, దేవుడా నీదే భారం అని ఏటికి ఎదురు తెడ్డేసుకుంటూ ఇవతలికి తెచ్చి, అవనిగడ్డ ఆసుపత్రికి చేరిస్తే, పది నిమిషాలు ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదన్నారు డాక్టరుగారు. ఈ పది నిమిషాలు కొన్నేళ్ళకి అయిదు నిమిషాలయ్యాయి, ఏరు వెడల్పు ఏటేటా పెరిగింది, ఒక క్రిస్మస్‌కి ఎందుకో పాముని కూడా కలిపాను. జనం స్తోత్రం, స్తోత్రం అనేవాళ్ళు. కథ మొదలుపెట్టగానే మా ఆవిడకి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది. అన్నిసార్లు విన్నది కదా, విసుగేమో అనుకునేవాణ్ణి.

ఇప్పుడు నిజం. ఆ రోజు వాన లేదు. నాకు తెడ్డు వేయడం రాదు. నేను ఆ పడవలోనే లేను.

అసలు జరిగింది తర్వాత మా బావమరిది భార్య, నాకు చెల్లెలి వరస, చెప్పింది. ఒకటిన్నర రోజు ఇంట్లోనే నొప్పులు పడనిచ్చి, ఇక మంత్రసాని తనవల్ల కాదన్నాక పడవ కట్టించారట. ఏరు వరదగా ఉండటం కాదు, అందులో నీళ్ళే లేవు. సముద్రం దగ్గర కదా, పాటు వచ్చి నీళ్ళు వెనక్కి తీసేస్తే పడవ ఏటి మధ్య బురద మేట మీద కూర్చుండిపోయింది. మళ్ళీ పోటు వచ్చి నీళ్ళు లేచేదాకా కదలదు. ఎర్రటి ఎండ. ఆడవాళ్ళు రెండు చీరలు పట్టుకుని చాటు కట్టారు, మగవాళ్ళు వీపులు తిప్పి కూర్చున్నారు, ఆ చాటులో, పడవ అడుగున మురికి నీళ్ళలో వాడు పుట్టాడు. పుట్టాక కూడా పడవ కదల్లేదు. రక్తం ఆగలేదు. బొడ్డు కోసిన బిడ్డని గుండెల మీద పెట్టి, జారిపోతాడే, గట్టిగా పట్టుకో, జారిపోతాడే అని అందరూ అరుస్తూనే ఉన్నారట, పట్టుకునే ఓపిక మా ఆవిడకి లేదు. అలా ఎంతసేపో. ఆఖరికి పోటు నీళ్ళు వచ్చి పడవ కింద తపతపా కొట్టుకున్నాయి. "ఆ చప్పుడికి మేమంతా దేవుడికి దండం పెట్టాం అన్నయ్యగారూ, వదిన మాత్రం చెవులు మూసుకుంది," అంది మా చెల్లెలు.

ఆ సమయంలో నేను డ్యూటీలో ఉన్నానని ఆ చెల్లెలితో చెప్పాను. మీతోనూ అదే చెబుదామని నిన్న రాసి, ఇవాళ కొట్టేశాను. కబురు ముందురోజే బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు డ్రైవరు తెచ్చి చెప్పాడు. బయల్దేరు బావా అని కూడా అన్నాడు. "ఆడాళ్ళ పనిలో మనం వెళ్ళి చేసేదేముంది, వెళ్తే అడ్డం తప్ప," అని నవ్వాను. మర్నాడు మధ్యాహ్నానికి డ్యూటీ దిగాను. దిగి గుడివాడలో మ్యాట్నీకి వెళ్ళాను. తర్వాత ఎన్నోసార్లు లెక్క కట్టుకున్నాను, ఎలా కట్టినా వాడు పుట్టిన సమయానికి నేను ఇంటర్వెల్లో గోలీ సోడా తాగుతున్నాను. మూడో రోజు బందరు లడ్డూలు పట్టుకుని అవనిగడ్డ ఆసుపత్రికి పెళ్ళికొడుకులా వెళ్ళాను. మా ఆవిడ నావైపు చూసింది కానీ, నన్ను చూసినట్టు లేదు.

పుట్టింట్లో పురిటి స్నానానికి కాగుల్లో నీళ్ళు కాచి చెంబులతో ఒంటి మీద పోస్తుంటే కెవ్వున అరిచి లేచి పరిగెత్తిందట. మూడో నెలలో గుడివాడ తీసుకొచ్చాను. అంతకుముందు నా అబద్ధాలన్నిటికీ పడీపడీ నవ్విన మనిషి, నేను డ్రైవరు నడకా, చెకింగు వాళ్ళ చూపూ అనుకరిస్తే కొంగు నోట్లో కుక్కుకుని నవ్విన మనిషి, గోడవైపు తిరిగి కూర్చునేది. పాలకి రవిక తడిసిపోతున్నా బిడ్డని ఒళ్ళోకి తీసుకునేది కాదు. ఇస్తే, నా దగ్గర ఉంచకండి, జారిపోతాడు, అనేది. ఉయ్యాలని గుమ్మానికి దూరంగా జరిపి, నిద్రపోతున్నవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మళ్ళీ వెళ్ళి గోడ దగ్గర కూర్చునేది. పక్కింటి పిన్నిగారే వాడికి సీసా పాలు పట్టింది. మా అమ్మ వచ్చి నాల్రోజులు చూసి, "మేం ఎనిమిది మందిని కన్నాం, ఇలా గోడలకేసి చూస్తూ కూర్చుంటే మొవ్వ పొలాల్లో నాట్లు ఎవరేశారే, మీ తాతా?" అని దులిపి వెళ్ళిపోయింది. పిన్నిగారు గాలి సోకిందంది. పాస్టరుగారు నూనె రాసి ప్రార్థన చేశారు, మంచి మనిషి, ఆయనకి మాత్రం ఇంకేం తెలుసు. డాక్టరు నాలుక చూసి నీరసం అని బలానికి గోధుమరంగు సీసా ఒకటి రాశాడు. రోజుకి రెండు చెంచాలు లెక్కగా నేనే పట్టేవాణ్ణి. నాకు చేతనైన వైద్యం అదొక్కటే. నా మనిషి నాకు తిరిగి రావాలి, అంతకుమించి నేను అడిగిందేమీ లేదు. ఎలా వస్తుందో చెప్పేవాళ్ళు మాత్రం ఒక్కరు లేరు.

అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మా సంఘంలో బిడ్డని దేవుడికి ప్రతిష్ఠించే ఆదివారం తల్లి లేచి సాక్ష్యం చెప్పాలి, దేవుడు తనని ఎలా కాచాడో అందరిముందూ నిలబడి చెప్పి కృతజ్ఞతలు చెల్లించాలి. నోటితో మంచి మాట అంటే మనసు అదే దారిలో పడుతుందని నేనే ఒక సిద్ధాంతం చేసి, మా ఆవిడ సాక్ష్యం నేనే రాసిచ్చాను. టిక్కెట్ల లెక్క రాసే వేబిల్లు వెనకవైపు, పెన్సిలుతో, పదిహేను వరసలు. ఎంతో సంతోషము, ఎంతో సమాధానము, ప్రభువు నా ఒడి నింపెను, అంతా పెద్ద భాష. వారం రోజులు చదివించాను. బడిపిల్లలా అప్పజెప్పింది కూడా.

ఆ ఆదివారం తెల్లచీర కట్టుకుని లేచి నిలబడింది. కాగితం చేతిలో ఉంది. విప్పలేదు. వాడు పిన్నిగారి భుజం మీద ఉన్నాడు. మా ఆవిడ పాస్టరుగారివైపు చూసి, మామూలు గొంతుతో, ఎవరో ఏదో అడిగితే జవాబు చెబుతున్నట్టు, "నేనింకా పడవ దిగలేదండీ," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అప్పుడు అర్థం కాలేదని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను కానీ, ఆ క్షణానే అర్థమైంది. లేచి వెళ్ళి పక్కన నిలబడి, ఏమే, ఎవరు దించలేదు, ఎలా దించాలి, అని అడగాల్సిన సమయం అది. వెనక ఎవరో గుసగుసలాడారు, ముందు వరసలో ఎవరో అయ్యో పాపం అన్నారు, నాకు తల కొట్టేసినట్టయింది. గబుక్కున లేచి, నవ్వి, మా ఆవిడకి సిగ్గండీ, ఆ పడవ సంగతి నేను చెబుతాను వినండి, అని అందుకున్నాను. వరద, వాన, తెడ్డు, నులకమంచం, అన్నీ అక్కడే నిలబడినచోటే పుట్టాయి. చివరికొచ్చేసరికి సంఘమంతా హల్లెలూయా అంది. మా ఆవిడ ఎప్పుడు కూర్చుందో నేను చూడలేదు. తర్వాత ఎప్పుడూ, ఎవరితోనూ ఆ పడవ మాట ఎత్తలేదు. ఎత్తడానికి ఏం మిగిల్చాను కనక, అందులో దాని చోట్లో నేనెక్కి కూర్చున్నాక.

ఏడాదిన్నర పట్టింది. ఒకరోజు వాడు తప్పటడుగులు వేస్తూ వెళ్ళి వాళ్ళమ్మ మోకాళ్ళు పట్టుకుని నిలబడితే, ఎక్కడో వెతికి తెచ్చుకున్నట్టు చెయ్యి తీసి వాడి తల మీద వేసింది. సీసా మందు పనిచేసిందన్నాడు డాక్టరు, ప్రార్థన అన్నారు పాస్టరుగారు, నా సాక్ష్యం మహిమ అనుకున్నాను నేను. ఆ తర్వాత అందరిలాగే ఇల్లు నడిపింది, ఇంకో ఇద్దర్ని కన్నది, నవ్వింది కూడా, అయితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వే ఆ నవ్వు మాత్రం మళ్ళీ చూడలేదు. పుట్టింటికి వెళ్ళలేదు. వాళ్ళమ్మ పోయిందని కబురొస్తే నాగాయలంక రేవు దాకా వచ్చి, కట్టిన పడవని చూసి, ఒడ్డున కూలబడింది. అవతల పాతిపెట్టడం అయిపోయేదాకా ఇవతల కూర్చుంది. పక్కనే నేనూ కూర్చున్నాను.

ఇంకో సంగతి. మా ఇంట్లో కోడళ్ళకి గానీ, ఇప్పుడు ఈ మనవరాలికి గానీ పురిటి స్నానమని చెంబులతో నీళ్ళు పోయనివ్వదు. వేన్నీళ్ళలో తువ్వాలు ముంచి, చప్పుడు లేకుండా పిండి, తనే ఒళ్ళంతా తుడుస్తుంది. ముసలావిడ చాదస్తం అని అందరం నవ్వేవాళ్ళం. నేనే ఎక్కువ నవ్వేవాణ్ణి.

ఆదివారం మనవరాలి భర్త వచ్చాడు. తాతయ్యా, మా ఆయన వినలేదు, పడవ కథ చెప్పవూ అంది మనవరాలు. నేను గొంతు సవరించుకున్నాను. మా ఆవిడ ఈసారి లేచి వెళ్ళలేదు. బిడ్డని ఒళ్ళో వేసుకుని, కళ్ళజోడులోంచి నావైపే చూస్తూ కూర్చుంది. పళ్ళసెట్టు వదులైందర్రా, ఇంకోసారి, అని తప్పించుకున్నాను. నిజం చెప్పే ధైర్యం నా నోటికి లేదు, అందుకే చేతికి పని చెప్పి ఇదంతా రాస్తున్నాను.

రోజులు మారాయి. ఆ రేవులో ఇప్పుడు బల్లకట్టులాంటి పంటు మీద కార్లూ ఆటోలూ దాటుతున్నాయి. అన్నిటికన్నా మారింది, ఇంటికొచ్చి అడిగే మనిషి ఉండటం. నర్సమ్మ ప్రశ్నలకి పట్టిన సమయం ఎంతనుకున్నారు, మా బస్సు గుడ్లవల్లేరు నుంచి పక్కనున్న కవుతరం వెళ్ళేంతసేపు కూడా పట్టలేదు. ఇన్నేళ్ళలో నేను, భయం వేస్తోందా అనే ఆ ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. మంగళవారం నుంచి వంటింటి గడప దాకా వెళ్ళడం, మంచినీళ్ళు అడిగి తాగి రావడం, ఇదే నా పని. ముప్పై రెండేళ్ళు బస్సులో నిలబడి, ఎక్కినవాళ్ళందర్నీ ఎక్కడ దిగాలమ్మా, ఎక్కడ దిగాలి బాబాయ్ అని అడిగినవాణ్ణి. దిగలేదండీ అని అన్నేళ్ళలో నోరు తెరిచి చెప్పింది మా ఆవిడ ఒక్కతే, అప్పుడు నేను రైట్ రైట్ అని బండి కదిలించేశాను.